ఐదు పెట్టెలు



తేనె మనందరికీ తెలుసు. దగ్గు వస్తే తేనె నాకుతాం. పూజకు పంచామృతంలో తేనె కలుపుతాం. కానీ ఆ తేనె చేసే ఈగల బతుకు మనలో ఎంతమందికి తెలుసు? అవి ఎందుకు చచ్చిపోతాయి? ఎందుకు గూడు వదిలి పోతాయి? ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

పిన్ని కథ

మా ఊరు కొండ కింద ఉంది. ఎగువన అడవి. దిగువన మామిడి తోటలు, జీడి తోటలు, కూరగాయల మళ్ళు. మా వీధిలో ఒక పిన్ని ఉంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ఐదు తేనె పెట్టెలు పెట్టింది. అది కార్తీక మాసం. వలిసె చేలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. మొదటి తేనె తీసినప్పుడు వీధి వీధంతా రుచి చూసింది.

తర్వాతి ఏడు దసరాకి నాలుగు పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఒక్కటే మిగిలింది.

ఒక రాత్రి చదువు కేంద్రంలో పిన్ని పలక పక్కన పెట్టేసింది.

"టీచరమ్మా, నాకు ఈ చదువూ వద్దు, ఆ ఈగలూ వద్దు. ఈగలు ఎల్లిపోనాయి. అప్పు మాత్రం మిగిలింది" అంది.

"అన్నీ ఒకేసారి పోయాయా పిన్నీ?" అని అడిగాను.

"లేదమ్మా. ఒకటి తర్వాత ఒకటి. ఎవరి దిష్టి తగిలిందో ఏటో!"

"ఏ పెట్టె ఎప్పుడు పోయిందో చెప్పు. నల్లబల్ల మీద రాద్దాం."

పిన్ని ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పింది. తను చూసినవన్నీ చెప్పింది. మేం రాశాం. రాసి చదివేసరికి అసలు సంగతి బయటపడింది. ఇది దిష్టి కాదు. నాలుగు పెట్టెలు నాలుగు రకాలుగా పోయాయి. ఏ కారణం తెలిసి ఉన్నా, ఆ పెట్టె నిలిచేదే.

ఈగల కాపురం

ముందు ఈగల కాపురం గురించి రెండు మాటలు.

పెట్టెలో పెంచే మన నాటు ఈగను పుట్ట తేనెటీగ అంటారు. ఇది పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టు పెడుతుంది. చీకటి గూడు దీనికి ఇష్టం. అందుకే పెట్టెలో ఉంటుంది. ఆరుబయట కొమ్మలకు, బండలకు పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ పెట్టెలో ఉండదు.

ఒక్క పెట్టెలో వేల ఈగలుంటాయి. అందరికీ తల్లి ఒక్కటే. అదే రాణి ఈగ. గుడ్లు పెట్టడమే దాని పని. పోతు ఈగలు కొన్ని ఉంటాయి. మిగతావన్నీ కూలి ఈగలు. ఇవన్నీ ఆడవే. పట్టు కట్టేవి ఇవే. పిల్లల్ని సాకేవి ఇవే. గూడు ఊడ్చేవి, కాపలా కాసేవి, తేనె తెచ్చేవి కూడా ఇవే. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో కూలి ఈగ నెలా నెలన్నర మాత్రమే బతుకుతుంది. గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు 20 రోజులు పడుతుంది.

అంటే రోజూ కొన్ని చస్తుంటాయి. రోజూ కొన్ని పుడుతుంటాయి. చావులు ఎక్కువై పుట్టుకలు తగ్గితే కాపురం కూలిపోతుంది.

ఈగలకు రెండు తిండ్లు కావాలి. ఒకటి తేనె. అది మన అన్నం లాంటిది. రెండోది పుప్పొడి. అది మన పప్పు లాంటిది. పుప్పొడి లేకపోతే పిల్ల పురుగులు ఎదగవు. రెండూ పువ్వుల్లోనే దొరుకుతాయి.

మొదటి పెట్టె: మందు దెబ్బ

పుష్య మాసం. మామిడి పూత నిండుగా ఉంది. ఒక రోజు మధ్యాహ్నం పిన్ని పెట్టె దగ్గరికి వెళ్ళింది. గుమ్మం ముందు చచ్చిన ఈగలు గుట్టగా పడి ఉన్నాయి. కొన్ని నేల మీద గిరగిరా తిరుగుతున్నాయి. కొన్ని వణుకుతున్నాయి. చాలా ఈగలకు నాలుక బయటికి వచ్చి ఉంది.

ఇవి పురుగుమందు గుర్తులు.

ఆ ఉదయమే పక్క తోట మావయ్య మందు కొట్టాడు. పిన్ని వెళ్ళి కేకలేసింది. మావయ్యా ఊరుకోలేదు.

"నా పూత మీద తేనె మంచు పురుగు పడింది. మందు కొట్టకపోతే కాపు నువ్విస్తావా?" అన్నాడు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మావయ్యకు కాపు కావాలి. పిన్నికి ఈగలు కావాలి. కానీ మావయ్యకు ఒక సంగతి తెలీదు. మామిడి పూత పిందె కట్టాలంటే పువ్వు మీద ఈగల్లాంటి పురుగులు వాలాలి. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేర్చేది అవే. గుమ్మడి, దోస, కాకర, పొద్దుతిరుగుడు పంటలకూ ఇవే ఆధారం. ఆడ పువ్వు మీద ఈగ వాలకపోతే గుమ్మడి పిందె పండిపోయి రాలిపోతుంది. నిండు పూతలో మందు కొట్టినవాడు తన కూలీలను తానే చంపుకున్నట్టు.

మరి ఏం చెయ్యాలి?

మందు తప్పనిసరైతే పువ్వులు విచ్చుకోక ముందే కొట్టాలి. పూత విచ్చుకున్నాక కొట్టకూడదు. అప్పుడూ తప్పకపోతే పొద్దు వాలాక కొట్టాలి. ఆ వేళకు ఈగలు గూటికి చేరతాయి. పొడి మందు చల్లకూడదు. పుప్పొడితో పాటు పొడి కూడా ఈగ కాళ్ళకు అంటుకుని గూట్లోకి పోతుంది.

మందు కొట్టేవాళ్ళు ఒక రోజు ముందే కబురు చెప్పాలి. పెట్టె ఉన్నవాళ్ళు ఆ రాత్రి, ఈగలన్నీ చేరాక, గుమ్మానికి ఇనుప జాలి పెట్టాలి. గాలి ఆడాలి. పెట్టె నీడలో ఉండాలి. ఒక రోజుకు మించి మూసి ఉంచకూడదు.

మందు డబ్బా మీద రంగు ముక్క ఉంటుంది. అది చూడండి. ఎరుపు అంటే చాలా ఘోరమైన విషం. పసుపు అంటే ఎక్కువ విషం. నీలం అంటే మధ్య రకం. ఆకుపచ్చ అంటే తక్కువ విషం. అయితే ఈ రంగులు ఈగల కోసం వేసినవి కావు. మనుషులకు, పశువులకు ఎంత ప్రమాదమో చెప్పేవి. ఆకుపచ్చ రంగు ఉన్న మందు కూడా ఈగలను చంపవచ్చు. కాబట్టి రంగు చూసి ఊరుకోవద్దు. డబ్బాతో ఇచ్చే కాగితం చదవండి. చదువు వచ్చింది కదా! ఇలాంటి చోటే అది అక్కరకొస్తుంది.

రెండో పెట్టె: సంచి జబ్బు

ఫాల్గుణ మాసం. రెండో పెట్టెలో ఈగలు పలచబడ్డాయి. పక్క ఊరిలో ఒకరు పాత పట్టు చట్రం ఇస్తామన్నారు. అందులో పిల్ల పురుగులు ఉన్నాయి. వాటితో పెట్టె బలం పుంజుకుంటుందని పిన్ని ఆశపడింది. తెచ్చి పెట్టెలో పెట్టింది.

కొన్నాళ్ళకు పిల్లలు చావడం మొదలైంది. గదుల్లో పురుగులు తల పైకెత్తి, పడవ ముక్కులా వంగి చచ్చి ఉన్నాయి. పుల్లతో తీస్తే నీళ్ళు నిండిన చిన్న సంచిలా వచ్చాయి. ఈగలు మిగిలిన గూడు వదిలేసి ఎగిరిపోయాయి.

దీన్ని సంచి జబ్బు అందాం. ఇది వైరస్ వల్ల వచ్చే అంటు జబ్బు. మనుషులకు రాదు. పిల్ల ఈగలకే వస్తుంది. ఈ జబ్బును 1976లో థాయిలాండ్ దేశంలో గుర్తించారు. 1978 నాటికి మన దేశంలో మేఘాలయలో కనిపించింది. 1991, 1992 సంవత్సరాల్లో దక్షిణాదికి వచ్చింది. కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పెట్టెల్లోని నాటు ఈగలు నూటికి తొంభైకి పైగా నాశనమయ్యాయి. ఈగల మీద బతికే వేల కుటుంబాలు వీధిన పడ్డాయి. జబ్బును తట్టుకుని కొన్ని గూళ్ళు మిగిలాయి. వాటి సంతానంతోనే మెల్లగా మళ్ళీ పెట్టెలు నిండాయి.

ఈ జబ్బుకు మందు లేదు. ఎవరైనా సూది మందు పొడి తెచ్చి "పాకంలో కలపండి" అంటే నమ్మకండి. అది వైరస్ మీద పనిచెయ్యదు. పైగా తేనెలో చేరి, తిన్నవాళ్ళకు చేటు చేస్తుంది.

మన చేతిలో ఉన్నది జాగ్రత్త ఒక్కటే.

ఒక పెట్టె చట్రం ఇంకో పెట్టెలో పెట్టకూడదు. ఎక్కడిదో తెలియని పట్టు తేకూడదు. ఎక్కడిదో తెలియని తేనె ఈగలకు పెట్టకూడదు. జబ్బు పెట్టెను ముట్టుకున్న చేత్తో మంచి పెట్టెను ముట్టుకోకూడదు. సబ్బుతో కడుక్కోవాలి. జబ్బు పట్టును తీసి కాల్చెయ్యాలి. ఖాళీ పెట్టెను చాకలి సోడా నీళ్ళతో రుద్ది కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాలి.

జబ్బు మొదట్లోనే కనిపిస్తే ఇంకో ఉపాయం ఉంది. రాణి ఈగను కొన్నాళ్ళు చిన్న జాలి పంజరంలో పెడతారు. అప్పుడు గుడ్లు ఉండవు. పిల్లలు ఉండవు. జబ్బుకు తిండి దొరకదు. ఈలోగా కూలి ఈగలు గదులు శుభ్రం చేసుకుంటాయి. ఇది పని తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకుని చెయ్యాలి.

మూడో పెట్టె: ఆకలి

వైశాఖంలో మూడో పెట్టె తేనెతో బరువెక్కింది. అప్పు కంతు కట్టాలి. పిన్ని పై గదిలో తేనె తీసింది. కింద పిల్ల గదిలో తేనె కూడా తీసేసింది.

తర్వాత వానలు పట్టాయి. రోజుల తరబడి ముసురు. ఈగలు బయటికి పోలేకపోయాయి. పోయినా పువ్వులు లేవు. జీడి పూత ఎప్పుడో అయిపోయింది. మామిడీ అంతే. శ్రావణంలో పెట్టె తెరిస్తే గుప్పెడు ఈగలు గదుల్లో తల దూర్చి చచ్చి ఉన్నాయి. చివరి చుక్క కోసం అవి అలా తల దూరుస్తాయి. ఇది ఆకలి చావు గుర్తు.

"నేనే చంపుకున్నానా టీచరమ్మా?" అంది పిన్ని. ఆ రాత్రి కేంద్రంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తప్పు పిన్నిది ఒక్కదానిదే కాదు. మా ఊరి నేల కూడా మారిపోయింది. వెనకటికి గట్ల మీద గానుగ, నేరేడు, చింత, వేప, కుంకుడు చెట్లు ఉండేవి. ఒక దాని తర్వాత ఒకటి పూసేవి. చేల మధ్య నువ్వులు, కంది, వలిసె వేసేవారు. ఇప్పుడు చాలా చెట్లు కొట్టేశారు. కనుచూపు మేర ఒకటే తోట. ఒకే పంట అంటే ఈగకు ఒక నెల విందు, మిగతా నెలలు పస్తు. నాటు ఈగ తిండికి కిలోమీటరు దూరం దాకా పోతుంది. అంతకు మించి పోవడం దానికి కష్టం. ఆ మేరలో పువ్వు లేకపోతే దానికి కరువే.

కాబట్టి పిల్ల గదిలో తేనె ముట్టుకోకూడదు. అది ఈగల గాదె. పై గదిలో మైనం మూత వేసిన తేనె మాత్రమే తియ్యాలి. కరువు రోజులు ముందున్నాయంటే అందులోనూ కొంత ఉంచాలి.

వానాకాలంలో తిండి తగ్గితే పంచదార పాకం పెట్టాలి. ఒక గ్లాసు పంచదారకు ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీళ్ళు. పొద్దు వాలాక పెట్టె లోపలే పెట్టాలి. గిన్నెలో నాలుగు పుల్లలు వెయ్యాలి. లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. బయట ఒలికితే చీమలు పడతాయి. వేరే గూటి ఈగలు దోచుకోవడానికి వస్తాయి. బెల్లం పాకం పెట్టకూడదు. ఈగలకు కడుపు చెడుతుంది. పాకం పెట్టే రోజుల్లో తేనె తియ్యకూడదు. అది తేనె కాదు, పంచదారే. అలా అమ్మితే కొన్నవాళ్ళను మోసం చేసినట్టు.

నాలుగో పెట్టె: మైనపు పురుగు

నాలుగో పెట్టెలో ఈగలు ముందే తక్కువ. పిన్ని మనసు విరిగి నెలన్నర పాటు ఆ పెట్టె తెరవలేదు. భాద్రపదంలో తెరిచింది. పట్టు నిండా సాలె గూడు లాంటి బూజు. నల్లటి గింజల్లా రెట్ట. తెల్ల పురుగులు మైనాన్ని తొలుచుకుంటూ పోతున్నాయి. ఈగలు లేవు.

ఇది మైనపు పురుగు పని. రాత్రిపూట ఒక రెక్కల పురుగు వచ్చి పెట్టె సందుల్లో గుడ్లు పెడుతుంది. ఈగలు బలంగా ఉంటే దాన్ని తరిమేస్తాయి. బలం లేని గూటిలోనే అది కాపురం పెడుతుంది. అందుకే మైనపు పురుగు కనబడితే, అంతకు ముందే గూడు ఏదో కారణంతో చిక్కిందని అర్థం.

వారానికి ఒకసారి పెట్టె అడుగు పలక తుడవాలి. ఈగలు కప్పని ఖాళీ పట్టు తీసెయ్యాలి. నల్లబడ్డ పాత పట్టు కరిగించి మైనం చేసుకోవచ్చు. పెట్టె పగుళ్ళు పూడ్చాలి. ఈగలు తక్కువగా ఉంటే గుమ్మం చిన్నది చెయ్యాలి. పెట్టె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలి. చీమలు ఎక్కవు. వేసవిలో పెట్టె మీద గడ్డి కప్పి నీడ చెయ్యాలి. దగ్గరలో మంచినీళ్ళు ఉంచాలి.

మన ఊరే కాదు

ఈ కష్టం మనకొక్కరికే రాలేదు. 2006 చివర, 2007 మొదట్లో అమెరికాలో పెంపకందార్లు పెట్టెలు తెరిచి నివ్వెరపోయారు. తేనె ఉంది. పిల్లలు ఉన్నాయి. రాణి ఉంది. కూలి ఈగలు మాత్రం మాయం. ఆ చలికాలంలో అక్కడ మూడింట ఒక వంతు పెట్టెలు పోయాయి. శాస్త్రవేత్తలు ఎంతో వెతికారు. ఒక్కటే కారణం అని తేలలేదు. ఈగల మీద బతికే ఒక చిన్న నల్లి, అది మోసే వైరస్ జబ్బులు, పురుగుమందులు, తిండి కరువు - ఇవన్నీ కలిసి దెబ్బ తీస్తున్నాయని అంటున్నారు.

ఆ నల్లి పేరు వరోవా. అది మొదట మన వైపు నాటు ఈగ మీదే ఉండేది. మన ఈగ దాన్ని గీరి దులుపుకుంటుంది. అందుకే తట్టుకుంటుంది. ఎక్కువ తేనె ఇచ్చే ఐరోపా ఈగకు ఆ అలవాటు తక్కువ. దానికి ఈ నల్లి పెద్ద శత్రువైంది. ఐరోపా ఈగ పెట్టెలు పెట్టేవాళ్ళు దీన్ని గమనిస్తూ ఉండాలి.

2018లో ఐరోపా దేశాల కూటమి మూడు పురుగుమందులను ఆరుబయట పంటల మీద వాడరాదని నిర్ణయించింది. ఈగలకు చేటని అవి ఆపారు. అందులో ఒకటి ఇమిడాక్లోప్రిడ్. ఈ మందు మన పల్లెల్లోనూ వాడుతున్నారు. డబ్బా మీద ఈ పేరు ఉందేమో కూడబలుక్కుని చదవండి.

ఐదో పెట్టె

ఇక మిగిలింది ఐదో పెట్టె. "దీన్ని కూడా అమ్మేస్తాను" అంది పిన్ని.

"ఒక్క ఏడాది ఆగు పిన్నీ. ఈసారి రాస్తూ పెంచు" అన్నాను.

పిన్ని ఒక నోటు పుస్తకం కొంది. వారానికి ఒకసారి, ఎండ ముదరక ముందే, పెట్టె తెరిచి చూసేది. ఆ సాయంత్రం రాసేది. మొదట్లో రెండు మాటలే. "రాణి ఉంది." "పాకం పెట్టాను." తర్వాత తర్వాత నాలుగు వరుసలు రాసింది.

తోట మావయ్య మా కేంద్రానికి రాడు. ఆయన కోడలు వస్తుంది. ఆమె ఈ పాఠం ఇంటి దగ్గర చదివి వినిపించింది. ఆ ఏడు మావయ్య పూత విచ్చుకోక ముందే మందు కొట్టాడు. ఇంకోసారి పొద్దు వాలాక కొట్టాడు. రెండుసార్లూ ముందు రోజే కోడలితో కబురు పంపాడు. పొదుపు సంఘం వాళ్ళు చెరువు గట్టు మీద గానుగ, నేరేడు మొక్కలు నాటారు.

మళ్ళీ వలిసె పూసేవేళకు ఐదో పెట్టె ఈగలతో పొంగింది. పని తెలిసినవాళ్ళ సాయంతో పిన్ని దాన్ని రెండు చేసింది. ఇప్పుడు రెండు పెట్టెలున్నాయి. అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. కంతు మాత్రం ఆగలేదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. అయినా ఆకులు దొరికాయి" అంటుంది పిన్ని.

గుర్తుంచుకోండి

నిండు పూతలో మందు కొట్టవద్దు. తప్పకపోతే పొద్దు వాలాక కొట్టండి. ముందు రోజే చెప్పండి.
ఒక గూటి పట్టు ఇంకో గూటిలో పెట్టవద్దు.
పిల్ల గదిలో తేనె ఈగలదే.
వారానికి ఒకసారి పెట్టె చూడండి. చూసింది రాయండి.
ఏడాది పొడవునా ఏదో ఒకటి పూసేలా చెట్లు పెంచండి.

కొత్త మాటలు

పుప్పొడి: పువ్వులో ఉండే పొడి.
చట్రం: పెట్టెలో పట్టు కట్టే చెక్క బద్దీల కూర్పు.
పిల్ల గది: పెట్టెలో గుడ్లు, పిల్లలు ఉండే కింది గది.
కరువు కాలం: పువ్వులు దొరకని రోజులు.

జవాబులు చెప్పండి

1. మొదటి పెట్టెలో ఈగలు మందు వల్ల చచ్చాయని ఎలా తెలిసింది?
2. డబ్బా మీద ఆకుపచ్చ రంగు ఉంటే ఈగలకు భయం లేదా? ఎందుకు?
3. పిన్ని, తోట మావయ్య తగువులో మీరైతే ఏం చెబుతారు?
4. మీ ఊరిలో వానాకాలంలో పూసే చెట్లు, మొక్కలు ఏవి? పేర్లు రాయండి.

రాసి చూడండి

మీకు పెట్టె ఉంటే ఈ వరుసలు నోటు పుస్తకంలో నింపండి. పెట్టె లేకపోతే మీ మేక గురించో, మీ పాల గేదె గురించో ఇలాగే రాయండి.

తేదీ: ..........
పెట్టె నంబరు: ..........
రాణి కనిపించిందా? గుడ్లు ఉన్నాయా? ..........
తిండి ఉందా? ..........
జబ్బు గుర్తులు, పురుగులు: ..........
చుట్టుపక్కల ఏం పూస్తోంది? ..........
నేను చేసిన పని: ..........